మద్యం ముట్టని వారు వైన్ ప్రాంతాలకు వెళ్తే చూడదగినది ఏముంటుంది?

భూగోళం పంతులమ్మ, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉన్నత పాఠశాలలో చాలాకాలం భూగోళం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. మా అమ్మాయీ అల్లుడూ ఫ్రాన్సు తూర్పు సరిహద్దులో ఉన్న స్ట్రాస్‌బోర్గ్ నగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వచ్చే ఏడాది మా వారూ నేనూ అక్కడికి వెళ్ళి కొన్నాళ్ళు ఉండాలని అనుకుంటున్నాము. అల్లుడు ఎంతో ఉత్సాహంగా ఒక ప్రయాణ ప్రణాళిక తయారుచేసి పంపించాడు. ఆల్సేస్, షాంపేన్, బర్గండీ, బోర్డో, ఆపైన హంగరీలోని టోకాయ్ వరకు పేరున్న వైన్ ప్రాంతాలన్నింటినీ పది రోజులలో చుట్టిరావాలన్నది దాని సారాంశం.

మేమిద్దరమూ శాకాహారులము, మద్యం ముట్టము. ఆ నియమాన్ని ఇప్పుడు మార్చుకునే ఉద్దేశమూ లేదు. అయినా ఆ తోటలను చూడాలన్న కోరిక నాకు బలంగా ఉంది. ఒకే రకం తీగ ఒక కొండవాలు మీద ఒక విధంగానూ, పక్క వాలు మీద మరో విధంగానూ పండుతుందని, దానికి నేలా ఎండా నీరూ కారణమని పాఠం చెప్పాను గాని కళ్ళతో చూడలేదు. ఆ నేలలను, వాటి మీద తరతరాలుగా బతుకుతున్న రైతులను చూడాలని ఉంది.

నా సందేహాలు ఇవి. రుచి చూడటానికి పిలిచే చోటికి వెళ్ళి, మేము తాగమని చెబితే వారి ఆతిథ్యాన్ని తిరస్కరించినట్లు అవుతుందా? పది రోజులలో ఇన్ని ప్రాంతాలు చూడటం వల్ల ఏమైనా అర్థమవుతుందా, లేక కొన్నింటిని వదులుకోవాలా? కోతల కాలం సెప్టెంబరు, అక్టోబరు అని అందరూ అంటున్నారు. అది సరిగ్గా మన తిరుమల బ్రహ్మోత్సవాల సమయం. ఆ రోజులలో ఊరు విడిచి ఉండటానికి మా వారికి మనసు ఒప్పుకోదు. పైగా ఆయనకు మోకాళ్ళ నొప్పి ఉన్నందున మెట్లు ఎక్కువగా ఎక్కి దిగలేరు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

చిత్తూరు పరిశోధకుడు

పంతులమ్మ గారికి నమస్కారం. నేను చిత్తూరు వాడిని. పరిశోధన నిమిత్తం కొంతకాలం స్ట్రాస్‌బోర్గ్‌లోనే ఉన్నాను కనుక మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది.

ముందుగా, ఆ ప్రణాళికలోనుంచి బోర్డోనూ టోకాయ్‌నూ తీసివేయమని అల్లుడిగారికి చెప్పండి. బోర్డో ఫ్రాన్సుకు ఆ చివర, అట్లాంటిక్ తీరానికి దగ్గరగా ఉంది. అక్కడి పెద్ద ఎస్టేట్లలో చాలావాటికి ముందుగా సమయం తీసుకోనిదే లోపలికి రానివ్వరు. వాటి గొప్పదనమంతా సీసాలోనూ, అక్కడి వైన్లకు 1855లో చేసిన శ్రేణుల జాబితాలోనూ ఉంటుంది గనుక తాగని వారికి అక్కడ అందేది తక్కువ. టోకాయ్ చక్కని ప్రదేశమే గాని, దానికి వేరే ప్రయాణం కావాలి. మీ ఇంటి ముంగిటనే ఆల్సేస్ ఉండగా రైళ్ళలో రోజులు ఖర్చు చేయడం నాకు సమంజసంగా తోచదు.

భూగోళం చెప్పినవారికి ఆల్సేస్ కంటే మంచి పాఠం దొరకదు. పడమటి నుంచి వచ్చే తేమగాలులను వోజ్ పర్వతాలు అడ్డుకుంటాయి. వర్షమంతా ఆవలి వైపునే కురిసిపోగా, ఈవలి వైపున ఉన్న కోల్మార్ ఫ్రాన్సులో అతి తక్కువ వాన పడే నగరాలలో ఒకటిగా మిగిలింది. పడమటి కనుమల వెనుక వానచాటున పడ్డ మన రాయలసీమకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. అయితే మనకు కరువు తెచ్చిన ఆ వానచాటే వారికి ఎండిన శరత్కాలాన్నీ, కుళ్ళు పట్టని గుత్తులనూ ఇచ్చింది. పర్వతాల పాదాల వెంట మార్లెన్‌హైమ్ నుంచి టాన్ వరకు సుమారు 170 కిలోమీటర్ల పొడవునా ఊరి తరువాత ఊరుగా వైన్ దారి సాగుతుంది. దానిని 1953లో ప్రారంభించారు. ఈ దారిలో నేల అడుగడుగునా మారుతుంది. కైజర్స్‌బెర్గ్ పక్కన ఉన్న ష్లాస్‌బెర్గ్ కొండ గ్రానైటు. దక్షిణ కొసన టాన్ ఊరిలోని రాంగెన్ అగ్నిపర్వత శిల. మధ్యలో సున్నపురాయి, ఇసుకరాయి, బంకమన్ను. అక్కడ ప్రత్యేక గుర్తింపు పొందిన 51 తోటలను అవి ఉన్న చోట్ల పేర్లతోనే వ్యవహరిస్తారు. చాలా ఊళ్ళలో తోటల మధ్యగా నడవడానికి బాటలు వేసి, పక్కన పలకల మీద తీగ రకాన్నీ నేల స్వభావాన్నీ రాసి పెట్టారు. ఎగిషైమ్, రిక్విర్ వంటి ఊళ్ళలో ఊరు దాటగానే తోట మొదలవుతుంది కనుక మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కూడా కొద్ది దూరం నడిచి, బల్ల మీద కూర్చుని తృప్తిగా చూడవచ్చు. స్ట్రాస్‌బోర్గ్ నుంచి కోల్మార్‌కు రైలులో అరగంట ప్రయాణం.

స్ట్రాస్‌బోర్గ్ నగరంలోనే ఒకటి తప్పక చూడండి. ప్రభుత్వ ఆసుపత్రి భవనం కింద 1395 నాటి నేలమాళిగ ఉంది. అందులోని ఒక పీపాలో 1472లో చేసిన తెల్లని వైన్ ఇప్పటికీ ఉంది. ఇన్ని శతాబ్దాలలో దానిని మూడేసార్లు బయటికి తీశారని అక్కడివారు చెబుతారు. మొదటిసారి 1576లో జూరిక్ మిత్రులు ఆపద వేళ ఎంత వేగంగా సాయానికి రాగలరో నిరూపించడానికి వేడి జావ కుండను పడవలో పెట్టుకుని నది మీదుగా, అది చల్లారకముందే స్ట్రాస్‌బోర్గ్ చేరినప్పుడు. తరువాత 1718లో, అగ్నిప్రమాదంలో కాలిపోయిన ఆసుపత్రికి తిరిగి పునాది వేసినప్పుడు. చివరికి 1944లో నగరం విముక్తి పొందినప్పుడు. పూర్వం జనం తమ ద్రాక్షతోటలను ఆ ఆసుపత్రికి రాసి ఇచ్చేవారు. మన వైపు ఆలయాలకు మాన్యాలు రాసినట్లే రోగుల సేవ ఆ తోటల ఆదాయం మీద సాగేది. ఈనాటికీ అక్కడ పీపాలలో వైన్ దాచుకునే రైతులు కొన్ని సీసాలను ఆసుపత్రికి ఇస్తారు. వాటిని అమ్మగా వచ్చిన సొమ్ముతో వైద్య పరికరాలు కొంటారు.

తాగకపోవడం అవమానమా అని అడిగారు. కాదు. వృత్తిగా రుచి చూసేవారు కూడా నోటిలో వేసుకుని, పక్కనున్న పాత్రలో ఉమ్మివేస్తారు. దానికి అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. మీరు గ్లాసును చేతిలోకి తీసుకుని వాసన చూసి, నేల గురించి, తీగ వయసు గురించి ఒక ప్రశ్న అడగండి. రైతు మీతో గంటసేపు మాట్లాడతాడు. అడిగితే పులియని ద్రాక్షరసం కూడా చాలాచోట్ల ఇస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. శరత్కాలంలో ఆల్సేస్‌లోనూ, నది దాటితే జర్మనీలోనూ మబ్బుగా, తియ్యగా ఉండే కొత్తరసం ఒకటి అమ్ముతారు. చూడటానికి పండ్లరసంలాగే ఉంటుంది గాని అది పులుస్తూ ఉన్న వైన్. నియమం ఉన్నవారు అడిగి తెలుసుకోనిదే ఏ తియ్యని పానీయమూ తీసుకోవద్దు.

ఆల్సేస్ తరువాత ఓపిక ఉంటే బర్గండీలోని బోన్ పట్టణానికి ఒక్కసారి వెళ్ళండి. 1443లో నికోలా రోలాన్ అనే రాజోద్యోగి భార్యతో కలిసి పేదల కోసం కట్టించిన ఆసుపత్రి, రంగుల పెంకుల కప్పుతో నేటికీ నిలిచి ఉంది. దాని తోటల వైన్‌ను 1859 నుంచి నవంబరు మూడవ ఆదివారం వేలం వేస్తున్నారు. ఆ చుట్టుపక్కల 1,247 చిన్నచిన్న మడులకు విడివిడిగా పేర్లు, హద్దులు ఉన్నాయి. సిస్టెర్షియన్ సన్యాసులు శతాబ్దాల పాటు గమనించి గీసిన హద్దులు వాటిలో ఎన్నో ఉన్నాయి. షాంపేన్‌కు వెళితే నేలమాళిగల మెట్ల సంగతి ముందుగా కనుక్కోవాలి. రాన్స్ నగరంలోని పొమ్మెరీ అనే వైన్ సంస్థ సుద్దరాతి గుహలకు 116 మెట్లు దిగాలి. ఎపెర్నేలోని మెర్సియే సంస్థలో లిఫ్టులో దింపి, చిన్న రైలుబండిలో తిప్పుతారు. ఏ గుహలోనైనా వేసవిలో సైతం పది, పన్నెండు డిగ్రీల చలి ఉంటుంది కాబట్టి శాలువా దగ్గర ఉంచుకోండి.

కుప్పం గ్రానైటు

అమ్మా, నమస్కారం. నేను రాళ్ళ వ్యాపారం చేసేవాడిని. ఇటలీలోని వెరోనా నగరంలో ఏటా సెప్టెంబరు చివర జరిగే రాళ్ళ ప్రదర్శనకు మా ప్రాంతం నుంచి కొందరము వెళుతుంటాము. వెరోనాకు ఆనుకునే వల్పొలిచెల్లా కొండలు ఉన్నాయి. పని ముగిశాక అక్కడికి వెళ్ళిన అనుభవం నుంచి రెండు మాటలు చెబుతాను.

ఆ కొండలలో నన్ను ఆకట్టుకున్నవి సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు. వాలు మీద మన్ను కొట్టుకుపోకుండా మెట్టుమెట్టుగా గోడ పేర్చి, దాని మీద తీగ పెట్టారు. గోడలో ఎక్కడా బంధనం లేదు. రాయి బరువే రాయిని నిలబెడుతుంది. వాననీరు సందులలోనుంచి వడిసిపోతుంది గనుక గోడ ఉబ్బి పడిపోదు. రాయి పని తెలిసినవాడిగా చెబుతున్నాను, సిమెంటుతో కట్టిన గోడ అక్కడ అన్ని ఏళ్ళు నిలవదు. ఇటువంటి గోడలు ప్రపంచంలో చాలా వైన్ ప్రాంతాలలో ఉన్నాయి. పోర్చుగల్‌లోని డోరో లోయ మొత్తం పలకరాతి గోడల మీదే నిలిచింది. ఆ లోయకు 1756లో పొంబాల్ ప్రభువు ప్రభుత్వపరంగా హద్దులు నిర్ణయించి, తరువాతి సంవత్సరాలలో 335 గ్రానైటు హద్దురాళ్ళు పాతించాడు. వాటిలో కొన్ని ఇప్పటికీ తోటలలో కనిపిస్తాయి. స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న లావో గట్లు కూడా అటువంటివే. అవి మీ అమ్మాయి ఊరికి డోరో కంటే ఎంతో దగ్గర. రైలు కిటికీలోనుంచే సరస్సూ గోడలూ కలిపి చూడవచ్చు కనుక అయ్యగారి మోకాళ్ళకు శ్రమ ఉండదు.

వల్పొలిచెల్లాలో మరొక విశేషం ఉంది. అక్కడ అమరోనె అనే వైన్ కోసం కోసిన గుత్తులను వెంటనే పిండరు. గాలి ఆడే మేడగదులలో తడికల మీద పరచి మూడు, నాలుగు నెలలు ఆరబెడతారు. కాయ బరువులో మూడవ వంతుకు పైగా తగ్గిపోతుంది. అంత నష్టాన్ని తెలిసి భరించి, మిగిలినదానికి విలువ తెచ్చుకుంటారు. అక్టోబరులో ఆ మేడగదులలోకి అడుగు పెడితే వచ్చే వాసనను అనుభవించడానికి తాగవలసిన పని లేదు.

తిబిలిసి డాక్టరు, రేణిగుంట

పంతులమ్మ గారూ, నేను వైద్యవిద్య జార్జియా రాజధాని తిబిలిసిలో చదివాను. మన జిల్లాల పిల్లలు ఇప్పుడు అక్కడ ఎందరో ఉన్నారు. మీ ప్రణాళికలో ఆ దేశం లేదు గాని, శాకాహారం గురించీ తాగకపోవడం గురించీ అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఈసారి కాకపోయినా మరోసారి పనికివస్తుంది.

ద్రాక్షరసాన్ని పులియబెట్టిన ఆనవాళ్ళలో ఇంతవరకు దొరికిన అతి పాతవాటిలో జార్జియావి ఉన్నాయి. సుమారు 8,000 ఏళ్ళ నాటి కుండపెంకులలో ఆ అవశేషాలు దొరికాయని 2017లో ప్రకటించారు. తూర్పున ఉన్న కఖేతి ప్రాంతంలో ఈనాటికీ రైతు ఇళ్ళలో క్వెవ్రీ అనే పెద్ద మట్టి కాగులను మెడ వరకు నేలలో పాతిపెట్టి, లోపల తేనెమైనం పూసి, రసాన్ని తొక్కతో గింజతో సహా పోసి, మూతపెట్టి నెలల తరబడి వదిలేస్తారు. చుట్టూ ఉన్న మన్నే దానిని చల్లగా, ఒకే వేడిమిలో ఉంచుతుంది. కరెంటు అక్కరలేదు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో మానవజాతి అవ్యక్త వారసత్వంగా గుర్తించింది. అలావెర్దీ మఠంలో సన్యాసులే స్వయంగా ఈ విధంగా వైన్ తయారుచేస్తారు. 1985లో సోవియట్ ప్రభుత్వం చేపట్టిన మద్యవ్యతిరేక ఉద్యమంలో తోటలు నరికివేతకు గురయ్యాయి. 2006లో రష్యా, జార్జియా వైన్ దిగుమతిని నిషేధించింది. ఆ నిషేధం 2013 వరకు కొనసాగింది. ఇన్ని దెబ్బలు తిన్న తరువాత కూడా ఆ రైతులు తమ సొంత రకాలను వదులుకోలేదు. 500కు పైగా స్థానిక ద్రాక్ష రకాలు వారి వద్ద ఉన్నాయి. నాకు ఆ దేశం మీద గౌరవం కలగడానికి ఇదే ముఖ్యకారణం.

ఇక ఆతిథ్యం. విందులో తమదా అనే పెద్ద లేచి, దేశం కోసం, తల్లిదండ్రుల కోసం, గతించినవారి కోసం ఒక్కొక్కటిగా మాటలు చెప్పి గ్లాసు ఎత్తుతాడు. తాగని అతిథి ఆ సంగతిని విందు మొదలుకాకముందే చెప్పాలి. మధ్యలో నిరాకరిస్తే నొచ్చుకుంటారు. మొదటే మతనియమమని చెబితే ఎంతో మర్యాద చేస్తారు. మీరు రసం గ్లాసు ఎత్తి మీ వంతు మాట చెప్పవచ్చు. వారికి ముఖ్యం ఆ మాటే. భోజనానికి కూడా ఇబ్బంది లేదు. వారి క్రైస్తవ సంప్రదాయంలో ఉపవాస దినాలు ఎక్కువ; ఆ రోజుల వంటను సమర్ఖ్వో అంటారు. హోటలులో ఆ మాట చెప్పి, చేప కూడా వద్దని చెబితే మాంసం, గుడ్డు, పాలు లేని వంటకాలు తెచ్చిపెడతారు. అక్రోటు ముద్ద పెట్టి చుట్టిన వంకాయ, చిక్కుడుగింజల లోబియో, పాలకూరతో చేసే ప్ఖలీ మన నోటికి బాగా నచ్చుతాయి.

వైద్యురాలిగా ఒక హెచ్చరిక చేస్తాను. రసం పులిసే రోజులలో బొగ్గుపులుసు వాయువు పుట్టి, గాలి కంటే బరువు కనుక నేలమాళిగ అడుగున నిలిచిపోతుంది. దానికి రంగూ వాసనా లేవు. కోతల కాలంలో ఏ దేశంలోనైనా యజమాని వెంట లేకుండా నేలమాళిగలోకి దిగవద్దు.

భూగోళం పంతులమ్మ, తిరుపతి

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. వానచాటు సంగతి చదివాక ఆల్సేస్ మీదే మనసు నిలిచింది. అల్లుడితో మాట్లాడి బోర్డో, టోకాయ్ రెండింటినీ తీసివేయించాను. ఇక మిగిలినది కాలం గురించిన సందేహమే. జూన్‌లో వెళితే పూత తప్ప ఏమీ ఉండదని అమ్మాయి అంటున్నది. బ్రహ్మోత్సవాలకు ముందే తిరిగి రావాలంటే కోత చూడటం అసాధ్యమేనా?

దామలచెరువు మామిడి రైతు

అమ్మా, మీ ప్రశ్నకు ఫ్రాన్సు తెలిసినవారు జవాబు చెబుతారు. విదేశానికి వెళ్ళలేనివారు కూడా ఈ చర్చ చదువుతుంటారు కనుక నాసిక్ గురించి నేను చెబుతాను. ఐరోపాలో చలికాలమంతా తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దేశపు వేడిలో దానికి ఆ నిద్ర లేదు. అందువలన నాసిక్ రైతులు ఏడాదికి రెండు కత్తిరింపులు చేస్తారు. ఏప్రిల్‌లో చేసేది కొమ్మ కోసం, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో చేసేది కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. సంక్రాంతి దాటాక వెళితే కోతా పిండటమూ రెండూ కనిపిస్తాయి. అంత దూరం కూడా వద్దనుకుంటే మదనపల్లె మీదుగా నందికొండల వైపు వెళ్ళినా ద్రాక్షతోటలు ఉన్నాయి.

నా వైపు నుంచి మీకు ఒక విన్నపం. 19వ శతాబ్దం రెండవ భాగంలో అమెరికా నుంచి వచ్చిన ఫైలోక్సెరా అనే వేరుపురుగు ఐరోపా తోటలను నాశనం చేసినప్పుడు, ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద తమ తీగను అంటుకట్టి వారు బయటపడ్డారని చదివాను. అంటు మనకు తెలిసిన విద్యే. నాకు తెలియవలసినది ఆ తరువాతి సంగతి. ఆల్సేస్‌లోని రిబోవిల్లే ఊరిలో 1895లో స్థాపించిన రైతు సహకార సంఘం ఉంది. ఫ్రాన్సులో ద్రాక్ష రైతుల సంఘాలలో అదే పాతదని అంటారు. చిన్న రైతు కాయ తెచ్చి పోసినప్పుడు ధర ఎవరు నిర్ణయిస్తారు, ఏ గుణాన్ని కొలిచి నిర్ణయిస్తారు, సొమ్ము ఎన్నాళ్ళకు చేతికి వస్తుంది అనే మూడు ప్రశ్నలు నా తరఫున అక్కడ అడగండి. ఇక్కడ తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీకి తోలి, ధర తేలేవరకు ట్రాక్టరు పక్కన వరుసలో రాత్రంతా నిలబడే మాకు ఆ జవాబులు ఎంతో అవసరం. సీసా మీద ఊరి పేరు రాసుకుని ఆ పేరుకు చట్టరక్షణ తెచ్చుకున్న రైతులు వారు. మా కాయ మాత్రం పేరు లేని గుజ్జుగా డబ్బాలలోకి పోతున్నది.

చిత్తూరు పరిశోధకుడు

పంతులమ్మ గారూ, అసాధ్యమేమీ కాదు. ఆల్సేస్‌లో క్రేమాన్ అనే నురుగు వైన్‌కు పులుపు ఎక్కువగా ఉన్న కాయ కావాలి. అందుకోసం ఆ కోతను అన్నింటికంటే ముందుగా, ఆగస్టు చివర గాని సెప్టెంబరు మొదట గాని ప్రారంభిస్తారు. కాయను చేతితోనే కోయాలన్నది దానికి నియమం కాబట్టి మీరు చూడాలనుకునే మనుషులు ఆ రోజులలో తోటల నిండా ఉంటారు. పూర్వం ఇంత త్వరగా కోసేవారు కాదు. బోన్ పట్టణంలో 1354 నుంచి కోత మొదలైన తేదీలు నమోదై ఉన్నాయి. వాటిని పరిశీలించినవారు 1988 తరువాత కోత అంతకుముందటి శతాబ్దాల సగటు కంటే సుమారు 13 రోజులు ముందుకు జరిగిందని 2019లో ప్రకటించారు. వాతావరణం వేడెక్కుతున్నదనడానికి ఇంత సుదీర్ఘమైన రైతుల సాక్ష్యం మరెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. మీ కోరిక తీరడానికి ఈ మార్పు దోహదపడుతున్నందుకు సంతోషించలేను గాని, ఉన్న సంగతి ఇది.

కనుక ఆగస్టు మధ్యలో బయలుదేరండి. మొదటి వారాలు స్ట్రాస్‌బోర్గ్‌లోనే గడిపి, ఆసుపత్రి నేలమాళిగ, కోల్మార్ చూసుకోండి. కోత ఆరంభ తేదీ ఏటా మారుతుంది, అధికారికంగా ప్రకటించాకే కాయ కోస్తారు. ఆ తేదీ తెలిశాక కోల్మార్ లేదా రిబోవిల్లేలో కొన్ని రోజులు బస చేయండి. రైతు సంఘానికి మీ అమ్మాయి చేత ఫ్రెంచిలో ముందుగా ఉత్తరం రాయించి, మీరు మామిడి పండే జిల్లా నుంచి వస్తున్నారని, రైతుల ప్రశ్నలు వెంట తెస్తున్నారని చెప్పించండి. ఉత్తరం జూన్‌లోనే పంపితే మంచిది. కోత మొదలయ్యాక అక్కడ ఎవరికీ జవాబు రాసే తీరిక ఉండదు. తిరుగు ప్రయాణం టికెట్టును మాత్రం ఆ ఏటి బ్రహ్మోత్సవాల తేదీలు చూసుకున్న తరువాతే తీసుకోండి.